ఫీజు కాదాంటీ

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కూతురు గవర్నమెంటు కాలేజీలో బీఎస్సీ మొదటి సంవత్సరం. మొన్న నవంబర్‌లో ఓ మంగళవారం, పదకొండింటికి బట్టల మూట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "ఇవాళ కాలేజీ లేదా?" అన్నాను. "మానేశానాంటీ" అంది, చీరలు లెక్కపెడుతూనే.

నాకు వెంటనే తట్టింది ఫీజు. మనకెవరికైనా ముందు తట్టేది అదే కదా. ఎంత కట్టాలో అడుగుతూ పర్సు కోసం లేవబోయాను. "ఫీజు కాదాంటీ, అది గవర్నమెంటే ఇస్తుంది."

మరేమిటో చెప్పడం ఆ పిల్లకే సరిగ్గా రాలేదు. కూర్చోబెట్టి టీ ఇస్తే ఒక్కొక్కటే బయటికొచ్చింది. పొద్దున ఏడున్నరకి బస్సు. ఆగస్టు 15న స్త్రీశక్తి వచ్చాక బస్సుకి డబ్బులక్కర్లేదు, కానీ దిగాక ఇంకా మూడు కిలోమీటర్లుంది. షేర్ ఆటోకి రానూపోనూ 40 రూపాయలు. ఆ వేళకి ఇంట్లో వంట అవదు, తల్లి అప్పటికే పనికి వెళ్లిపోతుంది. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, 2025 జనవరిలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో డొక్కా సీతమ్మ గారి పేరుతో మధ్యాహ్న భోజనం మొదలైంది. "ఆ రెండు నెలలూ బాగుందాంటీ" అంది. డిగ్రీలో చేరగానే ఆ కంచం పోయింది. పదిహేడేళ్లప్పుడు వేసిన ఆకలి పద్దెనిమిదికి వెయ్యదా? వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఆ మహాతల్లి, నువ్వు ఇంటరా డిగ్రీయా అని అడిగి ఉంటుందా?

ల్యాబులో రెండుసార్లు కళ్లు తిరిగాయట. బాత్‌రూముల్లో నీళ్లుండవు కాబట్టి నెలకి మూడు రోజులు ఇంట్లోనే. తమ్ముడికి జ్వరమొస్తే నాలుగు రోజులు. ఇలా హాజరు తరిగిపోయింది. 75 శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంటుకీ ఎసరే. ఇంకెందుకులే అని మానేసింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఓ వ్రతానికి ముందు రోజు, పిండివంటలకి సాయం కావాలని ఆ పిల్లని పంపమని వాళ్లమ్మని అడిగింది నేనే. గురువారం అది. కాలేజీ ఉంటుందని నాకు గుర్తే రాలేదు. నా కూతుర్నయితే అలా ఆపేదాన్నా?

మా తోటికోడలు అమెరికాలో ఉంటుంది. అక్కడ కమ్యూనిటీ కాలేజీలని రెండేళ్ల చదువుల కాలేజీలుంటాయి. తక్కువ ఫీజు కాబట్టి లేనివాళ్ల పిల్లలు, పని చేసుకుంటూ చదివేవాళ్లు, బిడ్డల తల్లులు ఎక్కువగా చేరతారు. తను వారానికోసారి అలాంటి కాలేజీలో సరుకుల గదిలో సాయం చేస్తుంది. పప్పు, పాలు, డైపర్లు, ప్యాడ్లు. ఎవరొచ్చినా ఎందుకని అడగరట. సంచి కూడా మామూలు సంచే, చూసినవాళ్లకి తెలియకుండా.

అంత పెద్ద దేశంలో కూడానా అనుకున్నాను. అక్కడా ఇదే కథట. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో ఏశాప్ అని ఒకటి మొదలుపెట్టారు. ఫీజులో తక్కువపడింది కట్టి ఊరుకోలేదు. మెట్రో కార్డు, పుస్తకాల ఖర్చు ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి విద్యార్థికీ తరచూ కలిసి మాట్లాడే మనిషిని పెట్టారు. మూడేళ్లకి లెక్క చూస్తే, ఇవి అందినవాళ్లలో వందకి 40 మంది చదువు పూర్తి చేశారు. అందనివాళ్లలో 22 మందే. పిల్లలు అలాంటి పిల్లలే. టెక్సాస్‌లో అమరిల్లో కాలేజీలోనైతే సరుకుల గదితో పాటు సోషల్ వర్కర్లనే పెట్టుకున్నారు.

ఇదంతా చెబితే మా వారు, "మేమంతా ఇవన్నీ ఉండే చదివామా?" అన్నారు. "మీకు పొద్దున్నే లేచి క్యారేజీ ఎవరు కట్టారు?" అన్నాను. పేపర్లో తల దూర్చేశారు.

మనకిది కొత్తేం కాదు. వారాలు చేసుకుని చదువుకున్న తాతల కథలు చాలా ఇళ్లల్లో ఉన్నాయి. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. గొప్పగానే చెప్పుకుంటాం. కానీ ఆ అరుగులు కొన్ని కులాల మగపిల్లలకే. ఇస్త్రీ బండి ఆయన తాతని ఎవరు పిలిచారు, ఎవరు విస్తరి వేశారు?

అందుకే ఇది మన దయ మీద వదిలేసేది కాదంటాను. డిగ్రీ కాలేజీకీ మధ్యాహ్న భోజనం ఇవ్వాలి, బాత్‌రూముల్లో నీళ్లు రావాలి. వరసగా మూడు రోజులు రాని పిల్ల ఇంటికి ఫోన్ చేయడానికి ఒక మేడమ్‌కి వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించి ఆ టైము ఇవ్వాలి. అదనపు పనిగా అంటగడితే ఆవిడ మాత్రం ఎన్నాళ్లు చేస్తుంది? అవి వచ్చేదాకా మనం చేయగలిగినవి మనం చేద్దాం. ముందు, కాలేజీ రోజున ఆడపిల్లని పనికి పిలవకుండా ఉందాం.

వాళ్లమ్మతో మాట్లాడాను. సంబంధాల మాట ఆపుతానని అనలేదు, సంక్రాంతి దాకా చూద్దామంది. కాలేజీలో కెమిస్ట్రీ మేడమ్‌ని కూడా కలిశాం. డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే హాజరు సంగతి ప్రిన్సిపాల్ గారిని అడుగుతానన్నారు. నేను పొద్దున ఏడింటికి మా అమ్మాయి డబ్బాతో పాటు ఇంకో డబ్బా కడుతున్నాను. ఊరికే తీసుకోనంది. సరే, సాయంత్రం వచ్చి నాకు ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టడం నేర్పమన్నాను. నిన్న డబ్బా కడిగి తెచ్చిచ్చి, "పప్పులో ఉప్పు తక్కువైందాంటీ" అంది.