కిటికీ అద్దములును, మన యూళ్ల యెండలును

షోలాపురమందలి మన సంఘము వారు విద్యార్థి వసతి గృహమును నిర్మింప నిశ్చయించుట ఎల్లరకును సంతోషము గొలుపు విషయము. అయితే ముంగిటి గోడనంతటిని ఎండనుండి విద్యుత్తును పుట్టించు అద్దములతో కప్పవలెనని కొందరు సభ్యులు పట్టుబట్టుచున్నారు. కరెంటు ఖర్చు తగ్గునని వారి వాదము. వారి ఉత్సాహమును నేను గౌరవించుచున్నాను. కాని ఆ ముంగిలి పడమటి దిక్కునకున్నది. నిధిలోని ప్రతి రూపాయియు మగ్గముల వద్ద పనిచేయువారును, చిల్లర కొట్లు నడుపుకొనువారును ఇచ్చినది. కనుక ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పలేదు.

సూర్యరశ్మిలోని శక్తిలో ఇంచుమించు సగము మాత్రమే కంటికి కనబడు వెలుతురు. తక్కిన దానిలో అధికభాగము కానరాని వేడి కిరణములు. సాధారణమైన తెల్ల అద్దము ఈ రెంటిని గూడ లోనికి విడుచును. తనపై బడిన శక్తిలో నూటికి సుమారు 80 పాళ్లు గదిలో చేరును. ఇప్పుడు అద్దముపై మిక్కిలి పలుచని వెండి పూత వేసి, వెలుతురును రానిచ్చి వేడి కిరణములను త్రిప్పికొట్టు విద్య వచ్చినది. మంచి విద్యయే. కాని దీనిలో రెండు తెగలు కలవు. ఒకటి ఎండవేడిని బయటనే నిలుపును. రెండవది ఎండను లోనికి రానిచ్చి, గదిలోని వెచ్చదనమును పోనీయక పట్టియుంచును. అది చలి ప్రాంతములకు తగినది. లేహ్ వంటి చోట డిసెంబరు మధ్యాహ్నమున సూర్యుడు దక్షిణాకాశమున క్రిందుగా నుండును గనుక, దక్షిణపు కిటికీ నుండి ఎండ గది లోపలి దాక వచ్చి ఇంటిని వెచ్చబరచును. ఆ అద్దమును తెచ్చి ఇచ్చట బిగించినచో మనము కొన్నది కుంపటి!

బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ వారు 2017లో పెద్ద వ్యాపార భవనములకై వెలువరించిన నియమావళిలో ఈ భేదము స్పష్టముగా నున్నది. ఉత్తరము తప్ప తక్కిన దిక్కుల కిటికీలు ఎండవేడిలో నూటికి 27 పాళ్లకు మించి లోనికి విడువరాదు. చలి ప్రాంతములకు మాత్రము 62 పాళ్ల వరకు అనుమతి. మన చిన్న భవనమునకు ఆ నియమము వర్తింపకపోయినను కొలబద్దగా పనికివచ్చును.

మనవారున్న ఊళ్లు గూడ ఒకే తీరువి కావు. షోలాపురము పొడి వేడి. ఇచ్చటి పాత వాడాలకు మందపు గోడలు, చిన్న కిటికీలు పెట్టినవారు వెర్రివారు గారు. పగలు మూసి, రాత్రి తెరచి చల్లదనమును లోనికి పట్టుకొనెడివారు. చెన్నపట్టణము, బరంపురము, యానాము ఉక్క ప్రాంతములు. అచ్చట వేసవి రాత్రియు అంతగా చల్లబడదు. చెమట ఆరుటకు గాలి కావలెను. తెరువ వీలులేని అద్దము ఎంత విలువైనదైనను అచ్చట శత్రువే. బెంగుళూరులోనో, ప్రకృతియే సగము పని చేసిపెట్టుచున్నది. చక్కని చూరు, ఎదురెదురు కిటికీలు చాలును. అచ్చటనే అద్దాల మేడలు కట్టి, లోపల చల్లదనపు యంత్రములు నడుపుచున్న వింతను ఏమనవలెను!

దక్షిణపు కిటికీకి రెండడుగుల ఛజ్జా యున్నచో మధ్యాహ్నపుటెండ చాలవరకు ఆగును. పడమటి సూర్యుడు వాలియుండును. ఛజ్జా క్రిందుగా నేరుగా లోనికి వచ్చును. బట్టల వ్యాపారులకు ఇది చెప్పనక్కరలేదు. పడమటి ముఖము గల దుకాణమున గాజు వెనుక వ్రేలాడదీసిన చీర ఒక వేసవిలో రంగు మాసి సగము ధరకైనను పోదు. ఎండను అద్దము దాటక ముందే ఆపవలెను: తడికయో, నిలువు పలకలో, వేపచెట్టో. లోపల తెర వేయునప్పటికే వేడి ఇంట చేరియుండును.

ఇక విద్యుత్తు పుట్టించు అద్దము మాట. అది పట్టిన వెలుతురు గదిలోనికి రాదు; గదిలోనికి వచ్చిన వెలుతురు విద్యుత్తు కాదు. రెండును కావలెనన్నచో రెండును కొరవడును. పడమటి గోడకు మధ్యాహ్నము దాటినదాక నేరుగా ఎండ తగలదు. అదే సొమ్ముతో మిద్దెపై దక్షిణమునకు కొంచెము వాల్చిన సాధారణ సౌర పలకలు పెట్టినచో ఎక్కువ కరెంటు వచ్చుననుటలో నాకు సందేహము లేదు. పైగా మిద్దెకు నీడ. ఆకాశహర్మ్యములకు మిద్దె చిన్నది, గోడలు పెద్దవి. వానికి ఈ అద్దములు తగవచ్చును. మనది మూడంతస్తుల కట్టడము, విశాలమైన మిద్దె.

కావున పడమటి గోడకు వరండాయు జాలీయు కట్టించి, పఠనశాలకు ఉత్తరపు వెలుతురు వచ్చునట్లు కిటికీలు పెట్టించవలెనని నా సూచన. మే నడుమ నుండి జూలై ఆఖరు వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరముననే యుండును గాన వానికిని చిన్న ఛజ్జా అవసరము. మిగిలిన సొమ్ము మిద్దె పలకలకును, తెలుగు పుస్తకములకును వినియోగపడును. అద్దములే కావలెనను మిత్రులు, సర్వసభ్య సమావేశమునకు ముందుగా, ఆ అద్దము ఎండవేడిలో నూటికి ఎన్ని పాళ్లు లోనికి విడుచునో, పడమటి గోడపై ఏటికి ఎన్ని యూనిట్లు ఇచ్చునో గుత్తేదారుచే వ్రాతమూలకముగా తెప్పించి సభ్యుల ముందుంచవలెనని కోరుచున్నాను.