రాణి పేరు వెనక నల్లబడ్డ చేతులు

ఇంజను పేరు ఫెయిరీ క్వీన్. పుట్టింది 1855లో, ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో, కిట్సన్, థాంప్సన్ అండ్ హెవిట్‌సన్ కార్ఖానాలో. అదే ఏడాది ఓడెక్కి కలకత్తా చేరింది. ఈస్టిండియన్ రైల్వే దానికి 22 అని నంబరు వేసింది. క్రమం తప్పకుండా నడుస్తున్న ఆవిరి ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనని 1998లో గిన్నిస్ బుక్ గుర్తించింది. గర్వపడాల్సిందే. కానీ ఎవరిని చూసి గర్వపడాలి? మా ప్రశ్న అదే.

ఈ ఇంజను మొదట్లో హౌరా, రాణిగంజ్ మధ్య తేలికపాటి మెయిలు బండ్లను లాగింది. రాణిగంజ్ అంటే బొగ్గు గనులు. తెల్లదొరలు పట్టాలు వేసింది జనం సుఖంగా చుట్టాల ఇండ్లకు పోయి రావాలని కాదు. బొగ్గు కోసం, సరుకు కోసం, సైన్యం కోసం. ఇంజను కలకత్తాలో దిగిన 1855లోనే, జూన్ 30న, భోగ్నాడీ గ్రామంలో సిద్ధూ, కాన్హూల వెంట వేలాది సంతాలులు తిరుగుబాటు జెండా ఎత్తారు. వడ్డీ వ్యాపారుల దోపిడీతో పాటు, రాజమహల్ కొండల్లో రైలు పనుల దగ్గర జరిగిన దౌర్జన్యాలు కూడా ఆ కడుపుమంటకు కారణమే. రెండేళ్లు తిరక్కుండానే సిపాయిలు తిరగబడ్డారు. 1857లో వాళ్లను అణచడానికి పోయే పటాలాలను ఇదే ఇంజను మోసింది. తర్వాత బీహారులో కొత్త లైన్ల నిర్మాణానికి పనిచేసి, 1909లో మూలన పడింది.

అంటే ఈ ఇంజనును అసహ్యించుకోవాలా? అక్కర్లేదు. ఇనుముకు పాపం అంటదు. లాగిన బండి కంపెనీది కావచ్చు, చెమట మాత్రం మనిషిది. ఆవిరి ఇంజను మీట నొక్కితే కదిలేది కాదు. గంటల ముందే కొలిమి రాజేయాలి. మంట ఎక్కడ పల్చబడిందో కనిపెట్టి అక్కడే పార తిప్పి బొగ్గు వేయాలి. కొలిమి కప్పు మీద నీళ్లు తగ్గితే బాయిలరు పేలి మనుషులు పోతారు. ఒక కన్ను పట్టాల మీద, ఒక కన్ను నీటి గాజు మీద. అలా బతుకులు కాల్చుకున్న వాళ్ల పేరు ఇంజను మీద ఒక్కటీ లేదు. ఉన్నది రాణి పేరే!

సెలవు తీసుకున్న తర్వాత ఇంజను హౌరా స్టేషను బయట దిమ్మె మీద నిలబడింది. 1943లో చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు చేరింది. ఆ తర్వాత ఢిల్లీ రైలు మ్యూజియంలో బొమ్మయింది. దానికి మళ్లీ ఊపిరి పోసింది మద్రాసులోని పెరంబూరు లోకో వర్క్స్ కార్మికులు. 1997 జూలై 18న, 88 ఏళ్ల తర్వాత, ఫెయిరీ క్వీన్ పట్టాల మీద కదిలింది. అక్టోబరు నుంచి ఢిల్లీ కంటోన్మెంట్, అల్వార్ మధ్య 143 కిలోమీటర్లు యాత్రికుల బండి లాగింది.

ఇక్కడొక తేదీ గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్ల కాలం 1995 డిసెంబరు 6న ముగిసింది. అంటే పెరంబూరులో ఈ పని జరిగేనాటికి రెండేళ్లు కూడా కాలేదు. బాయిలరు చప్పుడు విని రోగం చెప్పగల ఫిట్టర్లు ఇంకా కొలువుల్లోనే ఉన్నారు. ఇటువంటి ఇంజనుకు విడిభాగం ఏ అంగట్లోనూ దొరకదు. పోత పోయాలి, లేతు మీద చెక్కాలి, చేత్తో రాకాలి. ఆ విద్య కాగితాల కన్నా చేతుల్లోనే ఎక్కువుంటుంది.

2011లో ఏం జరిగింది? ప్రపంచం మెచ్చిన ఇంజను భాగాలను దొంగలు ఎత్తుకపోయారు. కాపలా లేని వారసత్వం పాత సామానుతో సమానమే కదా! మళ్లీ పెరంబూరే దిక్కయింది. 2012 డిసెంబరు 22న బండి అల్వార్ దారి పట్టింది. మళ్లీ ఆగింది. 2017లో ఢిల్లీ కంటోన్మెంట్ నుంచి రేవాడీకి నడిచింది. పోయిన ముక్కను మళ్లీ చేయవచ్చు. చేయగల మనిషే పోతే?

మేం కోరేది పెద్దదేం కాదు. రేవాడీ షెడ్డులో, పెరంబూరులో ముసలి చేతుల దగ్గర కుర్రాళ్లను శిష్యులుగా కూర్చోబెట్టాలి, వాళ్లకు జీతమివ్వాలి. ఇంజను ముందరి పలక మీద గిన్నిస్ పేరుతో పాటు సంతాలుల పేరు, 1857 పేరు, బొగ్గు ఎత్తినవాళ్ల, బాగు చేసినవాళ్ల పేర్లు రాయాలి. డబ్బున్న యాత్రికులే కాదు, సర్కారు బడి పిల్లలు కూడా ఆ బండి ఎక్కాలి.

ఢిల్లీ చేస్తుందని మనం కూర్చుంటే కాదు. మన కాజీపేట, డోర్నకల్, లాలాగూడ రైల్వే కాలనీల్లో ఆవిరి ఇంజన్ల మీద పనిచేసిన తాతలు ఇంకా కొందరున్నారు. విద్యార్థులారా, ఒక నోటుబుక్కు పట్టుకొని వాళ్ల గడపకు పొండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఇంజనుకు మ్యూజియం ఉంది. ఆ తాతలకున్నది మనమే.