విరిగిన ఫిషింగ్ రాడ్డు.. మంచి ప్రాజెక్టే!

‘మీ ఫైనలియర్ ప్రాజెక్టు గురించి చెప్పండి.’

ఇంటర్వ్యూలో ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉండకూడదు. అయినా చాలామంది తడబడేది ఇక్కడే. కారణం అందరికీ తెలిసిందే. ప్రాజెక్టు రెడీమేడ్‌గా దొరికింది. నలుగురు స్నేహితులు తలా ఇంత వేసుకుని కొనేశారు. రిపోర్టుకు బైండింగ్ చేయించి సబ్మిట్ చేశారు. తీరా ఇంటర్వ్యూలో ‘అది పనిచేయనప్పుడు మీరేం చేశారు?’ అనే రెండో ప్రశ్న పడితే నోరు పెగలదు. కొన్న ప్రాజెక్టు పనిచేస్తూనే వస్తుంది మరి!

అందుకే నేను చెప్పేది ఒక్కటే. కొన్న కొత్త ప్రాజెక్టు కంటే, సొంతంగా బాగుచేసిన పాత వస్తువు మేలు. మెకానికల్, ఏరోనాటికల్, ప్లాస్టిక్స్, మెరైన్ కోర్సుల వాళ్లకూ, ఐటీఐ, డిప్లొమా విద్యార్థులకూ ఓ వస్తువు పేరు కూడా చెబుతా. విరిగిపోయిన ఫిషింగ్ రాడ్డు. నవ్వకండి, పూర్తిగా చదవండి.

కర్ర కాదు, కాంపోజిట్

మన చెరువుల దగ్గర గాలం అంటే ఒకప్పుడు వెదురు బద్ద. ఇప్పుడు షాపుల్లో అమ్మే రాడ్డు లోపల బోలుగా ఉండే గొట్టం. రెజిన్ పట్టించిన కార్బన్ లేదా గ్లాస్ ఫైబర్ షీటును, ఒక కొస సన్నగా ఉండే ఉక్కు కడ్డీకి చుడతారు. పైన టేపు బిగించి ఓవెన్‌లో గట్టిపరుస్తారు. తర్వాత కడ్డీని లాగేస్తే మిగిలేదే రాడ్డు. విమాన భాగాల తయారీలోనూ ఇలాంటి ఫైబర్, రెజిన్ పొరలే వాడతారు. అంటే మీరు టెక్స్ట్‌బుక్కులో బొమ్మగా చూసిన కాంపోజిట్ మెటీరియల్, ముక్కలై మీ చేతిలో ఉన్నట్టు.

ఈ రెజిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ఇనుములా కరిగించి కొత్తది పోయడం కుదరదు. కాబట్టి విరిగిన రాడ్డుకు దారులు రెండే. బాగుచేసి వాడుకోవడం, లేదంటే చెత్తలో వేయడం.

ముందు పోస్ట్‌మార్టమ్

రాడ్డు చేతికి రాగానే జిగురు తీయొద్దు. ఎందుకు విరిగిందో చూడండి. చేప ఒడ్డుకు దగ్గరగా వచ్చాక రాడ్డును నిట్టనిలువుగా లేపితే, వంపంతా కొస దగ్గరే పడి అక్కడ విరుగుతుంది. కారు డోరులో పడి నలిగినది వేరుగా ఉంటుంది. ఎప్పుడో రాయికి తగిలి చిన్న గాటు పడి, నెలల తర్వాత మామూలు బరువుకే విరిగేవి కూడా ఉంటాయి. బోలు గొట్టాన్ని బాగా వంచితే గుండ్రటి ఆకారం అండంలా నొక్కుకుపోయి, లోపలి వంపు వైపు కూలుతుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో మీరు బట్టీ పట్టిన బక్లింగ్ అదే!

రాడ్డు కార్బనా, గ్లాసా అనేది మల్టీమీటర్‌తో కొంతవరకు తెలుసుకోవచ్చు. విరిగిన అంచుకు పిన్నులు ఆనించండి. కరెంటు ప్రవహిస్తే కార్బన్. అందుకే కరెంటు తీగల కింద కార్బన్ రాడ్డు ఎత్తడం ప్రాణాంతకం. ఇది కూడా రిపోర్టులో రాయాల్సిన సంగతే.

అతికించడంలోనే కిటుకు

కొస నుంచి రెండు మూడు అంగుళాలే విరిగితే పని తేలిక. అంచును ఎమ్రీ పేపరుతో సాఫు చేసి, సైజుకు సరిపోయే కొత్త కొస రింగును హాట్‌మెల్ట్ గమ్ముతో పెట్టేయొచ్చు. రేపు మళ్లీ మార్చాలంటే కాస్త వేడి చేస్తే ఊడొస్తుంది.

మధ్యలో విరిగితేనే అసలు పరీక్ష. పనికిరాని ఇంకో పాత రాడ్డులోంచి లోపల సరిగ్గా పట్టే ముక్క కోసి, ఎపాక్సీ రాసి, రెండు భాగాలకూ మధ్య దూర్చాలి. పైన దారం దగ్గర దగ్గరగా చుట్టి ఎపాక్సీ పూత వేయాలి. పూత ఆరేదాకా రాడ్డును నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్కకు కారి గడ్డ కడుతుంది. నెమ్మదిగా తిరిగే చిన్న మోటారు, రెండు చెక్క స్టాండ్లు ఉంటే ఆ మెషీన్ మీరే చేసుకోవచ్చు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. గట్టిగా ఉండాలని పైన లావుపాటి గొట్టం తొడుగుతారు. ఘన కడ్డీ వ్యాసం రెట్టింపైతే దాని బిరుసు 16 రెట్లు అవుతుంది. బోలు గొట్టంలోనూ వ్యాసం పెరిగేకొద్దీ బిరుసు వేగంగా పెరుగుతుంది. అంటే అతుకు దగ్గర రాడ్డు వంగదు. ఒత్తిడంతా ఆ గొట్టం అంచు మీద పడి, మళ్లీ సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకే అతుకు ముక్క చివరలను పెన్సిల్ చెక్కినట్టు క్రమంగా పలచన చేయాలి. ఈ ఒక్క విషయం చేత్తో తెలిసినవాడికి, విమాన రెక్క మీద దెబ్బతిన్న చోట పొరలను ఏటవాలుగా ఎందుకు గీకి అతుకు వేస్తారో ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నట్టు, కార్బన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు, గ్లౌజులు పెట్టుకుని తడి ఎమ్రీతోనే రుద్దండి.

ఈ పని ఎక్కడ పనికొస్తుంది?

మన తేజస్ యుద్ధ విమానం బాడీ బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్లే. బోయింగ్ 787లో దాదాపు సగం. అనంతపురం జిల్లాలో తిరిగే గాలిమరల రెక్కలు ఫైబర్‌వే. కాకినాడ, విశాఖ తీరాల్లో వేటకెళ్లే ఫైబర్ బోట్లూ అంతే. ఇవన్నీ దెబ్బతింటాయి, వీటిని ఎవరో ఒకరు బాగుచేయాలి. శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ కేంద్రం ఉంది. ప్లాస్టిక్స్, పాలిమర్ల చదువుకు సీపెట్ ఉంది. మెరైన్ ఫిట్టర్ శిక్షణకు విశాఖలో సిఫ్‌నెట్ యూనిట్ ఉంది. వాటి తలుపు తట్టేటప్పుడు ‘నాకు ఆసక్తి ఉంది సార్’ అనడం వేరు, ‘నేను ఈ అతుకు వేశాను, ఇంత బరువు మోసింది’ అనడం వేరు.

‘ఇంజినీరింగ్ చదివి రిపేర్లు చేయాలా?’ అని ఇంట్లో అడుగుతారు. మన దగ్గర డిజైన్ చేసేవాడు ఇంజినీరు, బాగుచేసేవాడు మెకానిక్కు అనే లెక్క ఇంకా పోలేదు. లోకం మాత్రం మారుతోంది. ఫ్రాన్స్ 2021 నుంచి కొన్ని ఎలక్ట్రానిక్ వస్తువుల మీద ‘ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చు’ అనే మార్కులు వేయిస్తోంది. మన కేంద్ర ప్రభుత్వమూ 2022లో ‘రైట్ టు రిపేర్’ మీద కమిటీ వేసింది. వస్తువును రిపేరుకు వీలుగా డిజైన్ చేయాలంటే, రిపేరు చేసిన చేతులే కావాలి కదా.

ఉన్న మాట కూడా చెప్పుకోవాలి. చౌక రాడ్డుకు రిపేరు ఖర్చు గిట్టదు, కొత్తది కొనడమే నయం. కేవలం రాడ్ల రిపేరుతో మన ఊళ్లలో బతుకుతెరువు దొరుకుతుందనీ నేను అనను. ఒక్క రాడ్డు బాగుచేస్తే ఆఫర్ లెటర్ రాదు. వచ్చేది చెప్పుకోవడానికి ఒక నిజమైన పని, ఏ ప్రశ్న అడిగినా తొణకని ధైర్యం. క్యాంపస్‌కు కంపెనీలు రాని కాలేజీల పిల్లలకు అది చిన్న విషయం కాదు.

ఇలా మొదలుపెట్టండి

ఫిషింగ్ సామాన్ల షాపులోనో, చెరువు గట్టు మీద రాడ్లతో కూర్చునేవాళ్ల దగ్గరో అడిగితే విరిగినవి ఉట్టినే ఇచ్చేయొచ్చు. మూడు తెచ్చుకోండి: రెండు బాగుచేయడానికి, ఒకటి ముక్కలకు. విరిగిన చోట ఫొటోలు తీయండి. ఒకదానికి లోపలి అతుకు, మరోదానికి పై తొడుగు వేయండి. పిడిని టేబుల్‌కు బిగించి, కొసకు 100 గ్రాముల చొప్పున బరువులు పెంచుతూ ఎంత వంగుతోందో స్కేలుతో కొలవండి. వీలైతే అదే మోడల్ మంచి రాడ్డుతో పోల్చండి. ఏ అతుకు ముందు విరిగిందో, ఎక్కడ విరిగిందో గ్రాఫుతో సహా నాలుగు పేజీల్లో రాయండి.

రెండూ విరిగిపోయినా ఫర్వాలేదు. ఎందుకు విరిగాయో చెప్పగలిగితే ప్రాజెక్టు పూర్తయినట్టే.