తూకానికి అందని విలువ

పాత్రకు లోహం శరీరమైతే దానిపై చెక్కడం వాక్కు. శరీరాన్ని తూచి వెలకట్టవచ్చును గాని వాక్కును తూచగల త్రాసు లేదు. ఈ సత్యాన్ని విస్మరించి, తాతల నాటి కంచు, ఇత్తడి పాత్రలను నేడు మనం తూకానికి అమ్ముకొంటున్నాం. ఇది తగని పని.

నెల్లూరు తీరానికి చైనాతో పరిచయం కొత్తది కాదు. కొత్తపట్నం తవ్వకాలలో మధ్యయుగపు చైనా పింగాణీ పెంకులు లభించాయి. అంతకంటె ఎంతో ప్రాచీనమైన ఆ దేశపు కంచు పాత్రల చరిత్ర మనకొక పాఠం చెబుతుంది.

క్రీ.పూ. 1600 - 1046 ప్రాంతంలో పాలించిన షాంగ్ వంశీయులు పితృదేవతలకు అన్నపానీయాలు నివేదించడానికి కంచు పాత్రలు పోయించారు. మట్టి నమూనాపై అచ్చులను ముక్కలుగా తీసి, వాటిని తిరిగి కూర్చి కరిగిన లోహాన్ని పోసేవారు. అందువలన వాటి నగిషీ పైన అతికించినది కాదు, పాత్రతోపాటే పుట్టినది. పెద్ద కన్నులు, కొమ్ములు గల మృగముఖం వాటిపై తరచుగా కనిపిస్తుంది. దానిని 'తావోథియే' అంటారు. చూడగానే మన ఆలయాలలోని కీర్తిముఖం స్ఫురిస్తుంది. దాని అర్థాన్ని గూర్చి పండితులు నేటికీ చర్చిస్తున్నారు. చర్చించడానికైనా పాత్ర మిగలాలి కదా!

తరువాతి జౌ వంశకాలపు 'హ-జున్' అనే పాత్ర 1963లో బావోజీ వద్ద బయటపడింది. 1965లో అది తుక్కు కొట్టుకు చేరింది. ఒక మ్యూజియం ఉద్యోగి కంటపడి కరగకుండా బ్రతికింది. 1975లో త్రుప్పు తొలగించగా అడుగున 122 అక్షరాల శాసనం వెలువడింది. నూతన రాజధాని నిర్మాణాన్ని తెలిపే ఆ శాసనంలోనే, చైనీయులు తమ దేశానికి నేడు వాడే 'జోంగ్‌గువో' అనే మాట తొలిసారిగా కనిపించింది. కొలిమిలో పడి ఉంటే ఆ చరిత్ర ఏమయ్యేది?

మన సంగతీ అంతే. నెల్లూరు జిల్లాలోని తామ్ర, శిలాశాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ శెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. ఆ రాగి రేకులను అంతకుముందే ఎవరైనా కరిగించి ఉంటే ఆ పుటలు లేవు.

మన ఇళ్లలోని చెంబులు, గంగాళాలు, హారతి పళ్ళెాలు రాజశాసనాలు కావు, నిజమే. కాని పెండ్లినాడు సారెగా ఇచ్చిన బిందెపై కొట్టించిన అవ్వ పేరు కూడ శాసనమే. గ్రామ చరిత్రలో ఆ స్త్రీ పేరు మరెక్కడా ఉండకపోవచ్చు.

ఇరుకు ఇళ్లలో అన్నీ దాచడం అసాధ్యమని కొందరంటారు. అవసరం వచ్చినప్పుడు అమ్ముకోవడం నేరమూ కాదు. అయితే అమ్మేముందు ఆ పాత్రను ఒకమారు చింతపండుతో తోమి చూడండి. అక్షరముంటే వ్రాసుకోండి, బొమ్మ ఉంటే ఛాయాచిత్రం తీయండి, పెద్దలనడిగి దాని కథ తెలుసుకోండి. లోహం మళ్లీ దొరుకుతుంది. చెరిగిన పేరు దొరకదు.