‘వేడి చేసింది’ అంటే ఏమిటో జర్మనీలో చెప్పగలరా?

నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే మన కుర్రాళ్లని, అమ్మాయిలని ‘తర్వాతేంటి?’ అని అడిగి చూడండి. జర్మనీ, బ్రిటన్, గల్ఫ్ అనే మాటలు గట్టిగానే వినిపిస్తాయి. ఆమదాలవలసలో రైలెక్కితే విశాఖ, అక్కడి నుంచి విమానం. దారి అందరికీ తెలుసు. అక్కడి రోగి మంచం పక్కన నిలబడ్డాక ఏం మాట్లాడాలో మాత్రం మన క్లాసుల్లో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. బ్రిటన్‌కి ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ రాయాలి. ఓఈటీ స్పీకింగ్‌లో రోగితో మాట్లాడే రోల్‌ప్లేలు రెండుంటాయి. అందులో ఉచ్చారణ, వ్యాకరణం ఒక్కటే చూడరు. రోగి మనసులో ఏముందో కనుక్కుని, దానికి తగ్గట్టు మాట్లాడారా అనేదానికీ మార్కులుంటాయి. ఇదే సాంస్కృతిక అవగాహన. బట్టీపడితే వచ్చేది కాదు.

మన ఊళ్లో ‘ఒంట్లో వేడి చేసింది’ అంటే థర్మామీటర్ పెడితే కనిపించే జ్వరం కాదని మనందరికీ తెలుసు. అలాగే జర్మనీలో ఓ పెద్దావిడ తన ‘క్రైస్‌లౌఫ్’ బాగోలేదంటుంది. నిఘంటువు చూస్తే రక్తప్రసరణ అని ఉంటుంది. ఆవిడ చెప్పేది చాలాసార్లు కళ్లు తిరుగుతున్నాయనో, నీరసంగా ఉందనో. పనిలోనూ తేడాలున్నాయి. ఇక్కడ రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం ఎక్కువగా ఇంటివాళ్లే చూసుకుంటారు. అక్కడ అవి నర్సు డ్యూటీలో భాగం. ఇది ముందే తెలియక వెళ్తే ‘ఇందుకా నేను బీఎస్సీ చదివింది?’ అన్న బాధ మొదటి నెలలోనే మొదలవుతుంది.

అయితే ఈ విద్య నేర్చుకోవడానికి విమానం ఎక్కేదాకా ఆగక్కర్లేదు. మన పక్కనే ఉద్దానం ఉంది. సిడ్నీ కేంద్రంగా ఉన్న జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడ చేసిన సర్వే 2020లో ప్రచురితమైంది. పెద్దవాళ్లలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని తేలింది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. శ్రీలంకలో, నికరాగువా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది కాబట్టి ప్రపంచం చూపు ఇటు పడింది. ప్రశ్నపత్రం ఏ దేశంలోనైనా తయారుచేయొచ్చు. కానీ జీడితోట నుంచి అలసి వచ్చిన మనిషిని గుమ్మంలో కూర్చోబెట్టి, ‘ఏ నీళ్లు తాగుతున్నారు, నొప్పికి ఏ మాత్ర వేసుకుంటున్నారు’ అని నమ్మకంగా చెప్పించగలిగేది ఇక్కడి యాస తెలిసినవాళ్లే. అంటే అంతర్జాతీయ సహకారంలో మనం ఇచ్చేదీ ఉంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది కూడా.

ఈ పని మన ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. అయినా సవర నిఘంటువు పూర్తిచేశారు. ఈ రోజు సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర తల్లితో నాలుగు ముక్కలు ఆమె భాషలో మాట్లాడగల నర్సింగ్ విద్యార్థులు మన కాలేజీల్లో ఎంతమంది?

విదేశీ యూనివర్సిటీతో అవగాహన ఒప్పందం అనగానే సంతకాలు, శాలువాలు, ఫోటోలతో సరిపెట్టే కాలేజీలున్నాయి. విద్యార్థికి దక్కేదేంటి? నెలకో ఉమ్మడి వీడియో క్లాసు పెట్టండి. ఇక్కడి డయాలసిస్ రోగి కథ మనవాళ్లు చెప్పాలి, అక్కడి వృద్ధాశ్రమంలోని రోగి కథ వాళ్లు చెప్పాలి. రెండువైపులా ప్రశ్నలు రావాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి కమ్యూనికేషన్, నైతికత పాఠాలు వచ్చాయి. అలాంటి శ్రద్ధ మిగతా కోర్సుల్లోనూ కావాలి.

కాలేజీ చేసేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. అమెరికన్ మానసిక వైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ 1978లో రోగిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని సూచించారు. వాటి సారం ఇది: మీ జబ్బుని మీరేమంటారు? ఎందుకొచ్చిందనుకుంటున్నారు? దేనికి ఎక్కువ భయపడుతున్నారు? ఏ వైద్యం కావాలనుకుంటున్నారు? రేపు వార్డు పోస్టింగ్‌లో ఒక్క రోగిని ఈ నాలుగూ అడగండి. ‘అమ్మవారు పోసింది’ అన్నా నవ్వకండి, వినండి. జవాబులు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో ‘వేరే సంస్కృతి నుంచి వచ్చిన రోగిని ఎలా చూసుకుంటారు?’ అని అడిగినప్పుడు చెప్పుకోవడానికి మీ సొంత అనుభవం ఒకటి ఉంటుంది. విదేశం వెళ్లకపోయినా అది శ్రీకాకుళం వార్డులోనే పనికొస్తుంది.