రాడార్‌కు చిక్కదు, చర్చకూ రాదు

రక్షణ శాఖ పద్దులు లోక్‌సభలో చర్చకు నోచుకోకుండానే గిలటిన్‌తో ఆమోదం పొందిన సంవత్సరాలు కొద్దివి కావు. పత్రికా ప్రతినిధుల గ్యాలరీ నుంచి ఆ తంతు చూసినప్పుడల్లా, అడగవలసిన ప్రశ్నలు అడిగేదెవరన్న సందేహం నన్ను వేధిస్తూ వుంటుంది.

రాడార్‌కు సులభంగా చిక్కని స్వదేశీ యుద్ధ విమానం ‘ఆమ్కా’ నమూనాల రూపకల్పనకు 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గ భద్రతా వ్యవహారాల సంఘం సుమారు 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. హర్షించదగిన నిర్ణయమే. అయితే విమానం అదృశ్యం కావడం ఇంద్రజాలం కాదు. దాని ఆకారం రాడార్ తరంగాలను పక్కకు మళ్లించాలి. మిగిలినవాటిని పై పొరలు పీల్చుకుని వేడిగా మార్చాలి. ఇనుప రజను కలిపిన పూతలు ఆ పని చేస్తాయి గాని, బరువెక్కువ. అందువల్లనే కార్బన్, గాజు నారలను రెసిన్‌తో కూర్చి, పొరలు పొరలుగా పేర్చిన తేలికపాటి కాంపోజిట్లకు ఇంత గిరాకీ. ఇవి తిరుగులేని కవచాలనీ భ్రమపడరాదు. సెంటీమీటర్ల తరంగాలను మింగే పలుచని పొర మీటర్ల తరంగాలకు చాలదు. 1999 మార్చిలో సెర్బులు మీటర్ల తరంగాలతో పనిచేసే పాత సోవియట్ రాడార్ సాయంతో అమెరికా ఎఫ్-117ను కూల్చడం ఇందుకు నిదర్శనం.

మనకు ప్రతిభ కొరవడలేదు. 1989లో తొలిసారి ఎగిరిన ‘అగ్ని’ కోసం కార్బన్ కాంపోజిట్లను రూపొందించినవారిలో హైదరాబాదు శాస్త్రజ్ఞులున్నారు. బెంగుళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ కార్బన్ నార తయారీ విధానాన్ని సాధించింది. దాని ఆధారంగా 2010లో వడోదర ప్రాంతంలో ప్రైవేటు కర్మాగారం కూడా వెలిసింది. తరువాత ఆ సంస్థ అప్పులపాలయింది. ప్రయోగశాలలో గెలిచి కర్మాగారంలో ఓడిపోవడం మనకు అలవాటయింది. 1998 అణుపరీక్షల అనంతరం అమెరికా ఆంక్షలు ‘తేజస్’కు కల్పించిన ఆటంకాలను ఇంతలోనే మరచిపోగలమా?

రక్షణ రహస్యమంటూ ప్రభుత్వాలు ప్రశ్నలను దాటవేయడం పరిపాటి. పూతలో ఏ పాళ్లు కలుపుతారన్నది రహస్యమే, కాదనను. కాని నార ఎంత దిగుమతి అవుతున్నది, స్వదేశీ ఉత్పత్తి ఏ దశలో వున్నది, ప్రయోగశాలకూ కర్మాగారానికీ నడుమ బాధ్యత ఎవరిదన్నవి రహస్యాలు కావు. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం వీటికి ఏటేటా లెక్క అడగాలి. దేశం విమానం పేరు తనది చేసుకుని, దాన్ని నేసే నారకు పరుల వాకిట నిలబడితే, ఆ స్వావలంబన వారి తలుపు తెరచి వున్నంతకాలమే.