‘తరువాత చర్చించబడును’ అన్న మాట విలువ

శాంతి సంఘం అనగానే మన పాఠకులకు గుర్తుకు వచ్చేది పండుగలకు ముందు పోలీసు స్టేషన్లలో జరిగే సమావేశం. ఇరుపక్షాల పెద్దలు వస్తారు, టీ తాగుతారు, ఫోటో దిగుతారు. పండుగ సజావుగా గడిస్తే ఆ సంఘం మాట మళ్ళీ ఏడాది వరకు ఎవరూ ఎత్తరు. ఇలాంటి పేరుతోనే, ఎన్నో రెట్లు పెద్ద బాధ్యతతో, ఇస్లామీయ దేశాల సంస్థ నియమించిన ఒక సంఘం యాభై ఏళ్లుగా దక్షిణ ఫిలిప్పీన్స్ ముస్లింల వ్యవహారంలో మధ్యవర్తిగా ఉంటూ వచ్చింది. ఆ సంఘం సాధించినదీ, సాధించలేకపోయినదీ మైనారిటీ హక్కుల కోసం పనిచేసే వారందరూ తెలుసుకోదగినవి.

మిండనావో, సులు ద్వీపాలలో స్పెయిన్ వారు అడుగుపెట్టక ముందే సుల్తానుల పాలన ఉండేది. అక్కడి ముస్లింలకు ‘మోరో’ అని పేరు పెట్టింది స్పెయిన్ వారే. తూలనాడటానికి పెట్టిన ఆ పేరునే తరువాతి తరాలు తమ గౌరవనామంగా చేసుకున్నాయి. అమెరికా పాలనలోనూ, స్వాతంత్ర్యం వచ్చిన తరువాతనూ ఉత్తర ద్వీపాల నుండి లక్షలాది క్రైస్తవ కుటుంబాలను తెచ్చి మిండనావోలో స్థిరపరిచారు. పట్టా కాగితం లేని పూర్వీకుల భూమి కాగితం ఉన్నవాడి పరమైంది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మిండనావోలో అధిక సంఖ్యాకులుగా ఉన్న ముస్లింలు ఆ శతాబ్ది చివరి నాటికి సుమారు ఐదవ వంతుకు తగ్గిపోయారు. 1972లో అధ్యక్షుడు మార్కోస్ సైనిక శాసనం విధించాడు. నూర్ మిసువారి నాయకత్వాన మోరో జాతీయ విమోచన సంఘటన ఆయుధం పట్టింది. 1974 ఫిబ్రవరిలో జోలో పట్టణం తగలబడిపోయింది. ఈ సంఘర్షణ మొత్తంలో ప్రాణాలు కోల్పోయిన వారు లక్షకు పైమాటే అని సాధారణంగా చెప్పుకునే అంచనా.

ఇస్లామీయ దేశాల విదేశాంగ మంత్రులు 1973లో బెంఘాజీలో సమావేశమై లిబియా, సౌదీ అరేబియా, సెనెగల్, సోమాలియాలతో నలుగురు సభ్యుల సంఘాన్ని ఏర్పరిచారు. మార్కోస్ దానికి తలుపు తెరిచాడంటే అందుకు కారణం న్యాయబుద్ధి ఒక్కటే అనుకోనవసరం లేదు. ఫిలిప్పీన్స్‌కు కావలసిన చమురు గల్ఫ్ దేశాల నుండి రావాలి. మరుసటి ఏడాది కౌలాలంపూర్ సమావేశం ఒక హద్దు గీసింది: పరిష్కారం ఏదైనా ఫిలిప్పీన్స్ సార్వభౌమత్వానికీ, భౌగోళిక సమగ్రతకూ లోబడి ఉండాలి. ప్రత్యేక దేశం కోరిన మోరో యువకులకు ఇది చేదుగానే తోచింది. అయినా ఈ హద్దు సరైనదేనని మా అభిప్రాయం. మనీలా ప్రభుత్వం బల్ల ముందు కూర్చోవడానికి అదే వీలు కల్పించింది.

1976 డిసెంబరు 23న ట్రిపోలీలో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం పదమూడు రాష్ట్రాలలో ముస్లింలకు స్వపరిపాలన లభిస్తుంది. శాసనసభ, విద్యాలయాలు, షరీఅత్ న్యాయస్థానాలు వారి చేతిలో ఉంటాయి. విదేశాంగం, దేశ రక్షణ కేంద్రం వద్దనే ఉంటాయి. పైకి చూస్తే ఇంతకంటే ఉదారమైన పత్రం ఉండదు. కాని ప్రభుత్వ కార్యాలయంలో ఏళ్ల తరబడి ఫైళ్లు చదివినవారి కన్ను వేరే చోట ఆగుతుంది. ప్రాంతీయ భద్రతా దళాల సంగతి తరువాత చర్చించబడును. స్వపరిపాలనా ప్రాంతానికీ కేంద్రానికీ గల సంబంధాలు తరువాత చర్చించబడును. గనుల ఆదాయంలో ‘సముచితమైన వాటా’ నిర్ణయించబడును. ఎంత సముచితమో అంకె లేదు. అన్నిటికంటే చివర, ఒప్పందం అమలుకు ప్రభుత్వం అవసరమైన రాజ్యాంగ ప్రక్రియలన్నీ చేపట్టవలెనన్న వాక్యం. కొర్రీ వేయదలచిన గుమాస్తాకు ఇలాంటి వాక్యం ఒక్కటి చాలు.

మార్కోస్ ఆ వాక్యాన్నే పట్టుకున్నాడు. 1977 ఫిబ్రవరి, మార్చి నెలలలో జరిగిన తదుపరి చర్చలు విఫలమయ్యాయి. ఏప్రిల్ 17న ఆయన ప్రజాభిప్రాయ సేకరణ జరిపించాడు. ఒకే ప్రాంతం కావలసిన చోట రెండు ప్రాంతాలు వెలిశాయి, పదమూడు రాష్ట్రాలు పది అయ్యాయి. ఆ పదమూడింటిలో ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్నవి ఐదు మాత్రమే అన్నది గుర్తుంచుకోవాలి. అల్పసంఖ్యాకుల రక్షణ కోసం రాసుకున్న ఒప్పందాన్ని అధిక సంఖ్యాకుల ఓటుకు పెడితే ఏ ఫలితం వస్తుందో ముందే తెలిసినదే. అయితే మరో మాట కూడా చెప్పాలి. మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగిన క్రైస్తవ రైతునూ, వారందరికంటే ముందు నుండి ఉన్న లుమాద్ గిరిజనులనూ అడగకుండా ట్రిపోలీలో గీత గీయడం కూడా న్యాయం కాదు. సంఘం ఈ చిక్కును చూడలేదో, చూసీ ‘తరువాత’ అన్న గంపలో వేసిందో గాని, ఆ లోపం ఇరవై ఏళ్ల రక్తపాతానికి దారి వదిలింది. హాషిం సలామత్ వర్గం చీలిపోయి మోరో ఇస్లామీయ విమోచన సంఘటన అయింది.

రుణపత్రం గురించి దివ్యఖుర్ఆన్ చెప్పిన వాక్యం గ్రంథమంతటిలోకీ దీర్ఘమైనదని ఉలమాలు మనకు తరచుగా చెబుతుంటారు. చిన్నదైనా పెద్దదైనా గడువు పేర్కొని రాయాలి, న్యాయంగా రాసే లేఖరి కావాలి, సాక్షులు కావాలి అన్నది దాని సారాంశం. చేబదులు ఇచ్చిన పైకానికే ఇన్ని జాగ్రత్తలు అవసరమైతే, ఒక జాతి భవితవ్యానికి ఎన్ని కావాలి!

సంఘం తన పని వదిలిపెట్టలేదు, ఇది దాని ఘనతే. సభ్యదేశాలు ఆరుకు పెరిగాయి. 1990లలో ఇండోనేషియా అధ్యక్షత వహించింది. విదేశాంగ మంత్రి అలీ అలటాస్ ఓర్పుతో నడిపిన చర్చల తరువాత 1996 సెప్టెంబరు 2న మనీలాలో ‘తుది శాంతి ఒప్పందం’పై సంతకాలు జరిగాయి. 7,500 మంది మోరో యోధులను సైన్యంలోకి, పోలీసులోకి తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. మిసువారి ప్రాంతీయ పాలకుడు అయ్యాడు. కాని ఆయన అధ్యక్షుడుగా ఏర్పడిన అభివృద్ధి మండలికి సొంత నిధులూ లేవు, ఉత్తర్వులు ఇచ్చే అధికారమూ లేదు. కుర్చీ ఉంది, ఖజానా లేదు. పాలనా సామర్థ్యంలో మిసువారి లోపాలూ తక్కువేమీ కావు. 2001లో ఆయన మళ్ళీ తిరుగుబాటు చేశాడు. 2013లో ఆయన అనుచరులు జాంబోవాంగా నగరంలో సృష్టించిన విధ్వంసంలో నిరాశ్రయులైన వేలాది మందిలో ముస్లింలూ ఉన్నారు.

రెండవ వర్గంతో మలేషియా మధ్యవర్తిత్వంలో నడిచిన చర్చలు ఈ అనుభవం నుండి కొంత నేర్చుకున్నాయి. 2004 నుండి అంతర్జాతీయ పర్యవేక్షక బృందం కాల్పుల విరమణను అక్కడే ఉండి గమనించింది. 2008లో కుదిరిన భూభాగ ఒప్పందాన్ని ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయగా, మరుసటి సంవత్సరం బ్రిటన్, జపాన్, టర్కీ, సౌదీ అరేబియాలతోనూ కొన్ని స్వచ్ఛంద సంస్థలతోనూ సంప్రదింపుల బృందం ఏర్పడింది. చర్చల గదిలో కూర్చుని చూసే హక్కు దానికి లభించింది. 2014 మార్చి 27న కుదిరిన సమగ్ర ఒప్పందంలో ఆయుధాల అప్పగింతను పరిశీలించే స్వతంత్ర సంఘానికి టర్కీ అధ్యక్షత వహించింది. ఆ ఒప్పందాన్ని అనుసరించి 2018లో వచ్చిన చట్టం జాతీయ పన్నుల రాబడిలో ఐదు శాతం బంగ్సామోరో ప్రాంతానికి ఏటా ఇవ్వాలని నిర్ణయించింది. ‘సముచితమైన వాటా’ అన్న మాట అంకెగా మారడానికి నలభై రెండేళ్లు పట్టింది. ఎనభై స్థానాల శాసనసభలో గిరిజనులకూ, వలస వచ్చి స్థిరపడిన వర్గానికీ స్థానాలు కేటాయించారు. ట్రిపోలీలో మరచిన వారిని ఇక్కడ లెక్కలోకి తీసుకున్నారు.

ఇదంతా దూరదేశపు కథ అని తెలంగాణ పాఠకుడు అనలేడు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం గుర్తుంది కదా. ఉద్యోగాలలో స్థానికుల రక్షణ, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు చేయడం వంటి హామీలు అందులో ఉన్నాయి. సంతకాలు చేసినవారు గౌరవనీయులే. ఉల్లంఘన జరిగితే ఎవరు అడగాలి, అడిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్నది మాత్రం అందులో లేదు. 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చి అడగవలసి వచ్చింది. భారతీయ ముస్లింలుగా మన మార్గం రాజ్యాంగబద్ధమైనది, ఆయుధానికి ఇక్కడ చోటు లేదు, ఉండరాదు. సచార్ కమిటీ నివేదిక వచ్చింది 2006లో. సిఫారసులను జీవోలుగా, జీవోలను కేటాయింపులుగా, కేటాయింపులను ఖర్చుగా మార్చే బాధ్యత ఏ అధికారిది, ఏ తేదీలోగా అన్న ప్రశ్నను మన సంఘాలు ప్రతి వినతిపత్రంలోనూ మొదటి పేరాలోనే రాయాలి. మంత్రిగారు హామీ ఇచ్చారన్న వార్తతో తృప్తిపడి ఇంటికి రావడం మానాలి. ప్రతి జిల్లాలో ఇద్దరు ముగ్గురు విశ్రాంత ఉద్యోగులు సమాచార హక్కు దరఖాస్తులతో బడ్జెట్ పద్దులను వెంబడిస్తే, పది బహిరంగ సభలు చేయలేని పని జరుగుతుంది.

మిండనావోలో పని ముగిసిందని ఎవరూ భ్రమపడనవసరం లేదు. 2022లో జరగవలసిన తొలి శాసనసభ ఎన్నికలను 2025కు వాయిదా వేశారు, ఆ గడువునూ దాటించారు. 2019 ప్రజాభిప్రాయ సేకరణలో సులు రాష్ట్రం వద్దని ఓటు వేసింది. ఓట్లను ఉమ్మడిగా లెక్కించి దానిని లోపల చేర్చారు. ఆ చేర్పు చెల్లదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మిసువారి పుట్టిన గడ్డ, తగలబడిన జోలో ఉన్న ద్వీపం, ట్రిపోలీ పత్రంలో పేరు రాసుకున్న రాష్ట్రం నేడు బంగ్సామోరోకు వెలుపల ఉంది. అక్కడి ఉద్యోగుల జీతాలు, ఆసుపత్రుల నిధులు ఏ పద్దు కింద రావాలన్నది ఆ తీర్పుతో మనీలా ప్రభుత్వం కాగితం మీద తేల్చవలసి వచ్చింది.